గిబ్ రివర్ రోడ్డుకి బండి అద్దెకి తీసుకుంటున్నారా? కౌంటర్‌లో చెప్పే మాట నమ్మకండి

ఇంకా బ్రూమ్ ఎయిర్‌పోర్టులోనే కూర్చుని రాస్తున్నాను. పెర్త్ ఫ్లైట్‌కి రెండు గంటలుంది. కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. సెప్టెంబర్ సెలవులకి వెస్టర్న్ ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న కింబర్లీ వైపు వెళ్దామని మనవాళ్ళు చాలామంది బండ్లు బుక్ చేసుకుని ఉంటారు. అందుకే ఇల్లు చేరేదాకా ఆగలేకపోయాను.

ఈ పొద్దున మా కార్డు నుంచి 4,280 డాలర్లు పోయాయి. మేం బండిని దేనికీ గుద్దలేదు. ఎక్కడా ఇరుక్కోలేదు. తీసుకున్న బండిని తీసుకున్నట్టే, దానంతట అదే నడుచుకుంటూ వచ్చేలా తెచ్చి అప్పజెప్పాం. అయినా పోయాయి.

బండి అద్దెకిచ్చిన షాపు పేరు రాయడం లేదు. కంప్లైంట్ పెడుతున్నాం, అది తేలేదాకా పేరు బయటపెట్టొద్దని మా ఆయన అన్నారు.

పెద్దగా ఉపోద్ఘాతం లేకుండా చెప్తాను. పెళ్ళయి పదేళ్ళయిందని మేమిద్దరమే 12 రోజుల ట్రిప్ పెట్టుకున్నాం. పైన టెంట్ ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి, రోజుకి 260 డాలర్లు. దాని మీద 'ఫుల్ కవర్' ఇన్సూరెన్స్ అని రోజుకి ఇంకో 50. కార్డు మీద 5,000 డిపాజిట్ బ్లాక్ చేశారు. బ్రూమ్ నుంచి డెర్బీ, అక్కడి నుంచి గిబ్ రివర్ రోడ్డు మొత్తం దాటి కునునుర్రా, వెనక్కి తారురోడ్డు మీద హాల్స్ క్రీక్, ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ మీదుగా మళ్ళీ బ్రూమ్. అందరూ వెళ్ళే దారే.

గిబ్ రోడ్డు గురించి తెలియనివాళ్ళకి ఒక్క మాట. డెర్బీ నుంచి అటు చివర దాకా 660 కిలోమీటర్లు. ఒకప్పుడు పశువులని రేవులకి తోలుకెళ్ళడానికి వేసిన దారి అది. ఇప్పటికీ చాలాభాగం మట్టి, గులకరాళ్ళు. రోడ్డంతా అప్పడాల కర్రతో నొక్కినట్టు గట్లు గట్లుగా ఉంటుంది, గంటలకొద్దీ ఒళ్ళు అదురుతూనే ఉంటుంది. వానాకాలంలో మూసేస్తారు. వాగులూ నదులూ దాటకుండా ఆ రోడ్డు మీద ఇటు నుంచి అటు వెళ్ళడం కుదరదు. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి, గొడవంతా దాని గురించే.

బండి తీసుకున్న రోజు కౌంటర్‌లో ఉన్న మనిషి ఎంత బాగా మాట్లాడాడో! ఒక కాగితం మ్యాప్ పరిచాడు. నీలం పెన్ను తీసుకుని దారి పొడుగునా గీస్తూ ఒక్కొక్కటే చెప్పాడు. మౌంట్ బార్నెట్ రోడ్‌హౌస్ దగ్గర 'డీజిల్' అని రాశాడు. మానింగ్ గోర్జ్ పక్కన నక్షత్రం గుర్తు పెట్టాడు. మట్టిరోడ్డు మొదలవగానే టైర్లలో గాలి తగ్గించుకోమన్నాడు. చివర్లో పెంటెకోస్ట్ నది దగ్గర గుండ్రంగా రెండుసార్లు చుట్టాడు. "ఈ నెలలో నీళ్ళు మోకాలి దాకా కూడా ఉండవు. లో రేంజ్ గేర్‌లో పెట్టి మెల్లగా దాటేయండి. మధ్యలో ఆపొద్దు. లోతు చూద్దామని దిగి నడవొద్దు, మొసళ్ళుంటాయి" అన్నాడు. ఆ చుట్టిన దాని పక్కన 'లో రేంజ్, స్లో' అని ఇంగ్లీషులో రాశాడు కూడా.

మా ఆయన అడిగారు, నా ఎదురుగానే అడిగారు: "నది దాటడానికి మీ ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందా?" అని. "మీరు గిబ్‌కి వెళ్తున్నారని బుకింగ్‌లోనే ఉంది కదా, టెన్షన్ పడకండి. అందరూ దాటుతారు" అన్నాడు.

తర్వాత ఒక ట్యాబ్లెట్ చేతికిచ్చి సంతకం పెట్టమన్నాడు. 31 పేజీలు. మా ఆయన రెండో పేజీలో ఉండగానే నేనే తొందరపెట్టాను. "చీకటి పడకముందే డెర్బీ చేరాలి, రాత్రి డ్రైవింగ్ చేయకూడదని ఆయనే చెప్పాడు కదా, ఇంత మంచిగా చెప్తుంటే అనుమానం దేనికండీ" అన్నాను. నా నోటితో నేనే అన్నాను. పొద్దున్నుంచీ అదే మాట తిరుగుతోంది బుర్రలో. మా ఆయన మాత్రం ఒక్కమాట అనలేదు నన్ను. తిట్టినా బావుండేది.

రోడ్డు గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. విండ్‌జానా గోర్జ్‌లో ఇసుక ఒడ్డున మంచినీటి మొసళ్ళు కట్టెల్లా పడుకుని ఉంటే దూరంగా నిలబడి చూశాం. బెల్ గోర్జ్‌లో మధ్యాహ్నమంతా నీళ్ళలోనే. రాత్రిళ్ళు బోయాబ్ చెట్ల కింద టెంట్ వేసుకుని, చిన్న గ్యాస్ స్టవ్ మీద చారు పెట్టుకుని, ఆవకాయ నంచుకుని తిన్నాం. ఒక్క దీపం లేని ఆకాశం. ఆ పది రోజులు నిజంగా బావున్నాయి, దాన్ని కూడా ఆ కౌంటర్ మనిషి పాడుచేశాడన్నదే నా బాధ.

మధ్యలో ఎల్లెన్‌బ్రే అనే చోటికి ముందు ఒక టైరు కోసుకుపోయింది. ఆ రోడ్డు మీద అది మామూలే. కానీ స్టెప్నీ కిందికి దించి చూస్తే పక్కగోడంతా బీటలు. నాలుగేళ్ళుగా కదపని టైరులా ఉంది. గాలి కూడా సగమే ఉంది. సిగ్నల్ లేదు. వెనకాల కారవాన్ లాక్కుంటూ వస్తున్న పెద్దవాళ్ళు, డెబ్బై ఏళ్ళుంటాయేమో ఇద్దరికీ, ఆగి వాళ్ళ కంప్రెసర్‌తో గాలి కొట్టి, మేం కదిలేదాకా వెనకే ఉన్నారు. ఆ తల్లి మాకు ఒక బాటిల్ చల్లటి నీళ్ళు కూడా ఇచ్చింది. కునునుర్రాలో మా డబ్బుతోనే కొత్త టైరు వేయించాం.

పెంటెకోస్ట్ నది కూడా ఆ కౌంటర్ మనిషి చెప్పినట్టే దాటాం. టైర్లు సగం కూడా మునగలేదు. ఎదురుగా కాక్‌బర్న్ కొండలు సాయంత్రపు ఎండకి ఎర్రగా నిప్పుల్లా ఉన్నాయి. నేను వీడియో తీశాను, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక ఈ పొద్దున.

ఎనిమిదిన్నరకి బండి ఇచ్చాం. అదే మనిషి. నవ్వుతూనే పలకరించాడు, ట్రిప్ ఎలా ఉందని అడిగాడు. నేను పిచ్చిదానిలా ఫోన్ తీసి పెంటెకోస్ట్ వీడియో చూపించాను. మీరు చెప్పినట్టే దాటామండీ, థాంక్స్ అన్నాను. ఆయన వీడియో రెండుసార్లు చూశాడు. రెండోసారి చూస్తున్నప్పుడు నవ్వు లేదు.

టార్చి తీసుకుని బయటికి వెళ్ళాడు. వెనక తలుపు తెరిచి, అంచున ఉండే రబ్బరు బీడింగ్‌ని గోరుతో ఎత్తి, దాని సందులో వేలు పెట్టి తీశాడు. వేలికి ఎర్రమట్టి అంటింది. పిండన్ అంటారు ఇక్కడ ఆ మట్టిని. మా బట్టల్లో, చెవుల్లో, ఉప్పు డబ్బాలో, ఇప్పుడు నేను వేసుకున్న చెప్పుల కుట్లలో కూడా అదే ఉంది. ఆ రోడ్డు మీదికి వెళ్ళిన ప్రతి బండిలోనూ ఉంటుంది. ఆ వేలు మాకు చూపించి, "లోపలికి నీళ్ళు వచ్చాయి" అన్నాడు.

పొడి మట్టి అది. వేలితో నలిపితే పొడిలా రాలింది, నేను చూశాను. తడి మరక లేదు, చారిక లేదు, కార్పెట్ పొడిగా ఉంది. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కార్పెట్ ఎత్తి చూపించారు. ఆ మనిషి ఇటు చూడనైనా చూడలేదు, లోపలికి వెళ్ళి కంప్యూటర్‌లో కొట్టడం మొదలుపెట్టాడు.

ఐదు నిమిషాల్లో కాగితం ప్రింట్ తీశాడు. వీల్ బేరింగులు, డిఫరెన్షియల్ ఆయిల్, లేబర్ కలిపి 1,940. లోపల శుభ్రం చేయడానికి 380. బండి ఆరు రోజులు ఆగిపోతుందట, దాని అద్దె 1,560. కోసుకుపోయిన టైరుకి 400, మేం కొత్తది వేయించిన రసీదు చూపిస్తే 'మా కంపెనీ కాదు' అన్నాడు. మొత్తం 4,280. పైన 'అంచనా' అని రాసి ఉంది. బండి జాకీ మీదికి ఎక్కించలేదు, ఒక్క నట్టు విప్పలేదు, ఏ మెకానిక్కూ చూడలేదు. అంచనా మీదే డిపాజిట్ నుంచి డబ్బు తీసేసుకున్నాడు. ఫుల్ కవర్ కట్టాం కదా అంటే ట్యాబ్లెట్ తిప్పి 19వ పేజీ చూపించాడు. నీళ్ళు, బండి అడుగుభాగం, పైకప్పు, టైర్లు ఏవీ కవర్‌లో లేవు. రాతపూర్వకమైన అనుమతి లేకుండా నీళ్ళు దాటితే కవర్ మొత్తం రద్దు.

మా ఆయన చాలా నెమ్మదిగా అడిగారు. "దాటమని మీరే చెప్పారు కదా?"

"నేను అలాంటిది ఏమీ చెప్పలేదు."

కళ్ళలోకి చూసి చెప్పాడండీ ఆ మాట. 12 రోజుల క్రితం ఇదే కౌంటర్, ఇదే మనిషి. నేను బ్యాగులోంచి మ్యాప్ తీశాను. మడతల దగ్గర చిరిగిపోయి, ఎర్రదుమ్ము పట్టి ఉంది. కౌంటర్ మీద పరిచి, పెంటెకోస్ట్ దగ్గర చుట్టిన నీలం గీత మీద వేలు పెట్టాను. "ఇది మీ చేతిరాత" అన్నాను.

ఆయన మ్యాప్ వైపు చూశాడు. "నీలం పెన్నులు అందరి దగ్గరా ఉంటాయి" అన్నాడు.

అంతే. నాకు గొంతు పూడుకుపోయింది. డబ్బు సంగతి పక్కన పెట్టండి, ఆ మాటకి మాత్రం నాకు కన్నీళ్ళు ఆగలేదు. మమ్మల్ని అబద్ధాలకోరులని చేశాడు, అదీ సొంత చేతిరాత ముందు పెట్టుకుని. మా ఆయన నా భుజం పట్టుకుని పక్కకి తీసుకొచ్చారు.

ఆలోపు ఇంకో జంట వచ్చింది, చిన్నపిల్లలు, పాతికేళ్ళుంటాయి. వాళ్ళ కోసం ఆయన కౌంటర్ కింద నుంచి కొత్త మ్యాప్ తీసి పరిచాడు, జేబులోంచి పెన్ను తీశాడు. నేను ఉండబట్టలేక ఆ అమ్మాయితో చెప్పాను: "నది దాటొచ్చని ఆయన చేత కాగితం మీద రాయించుకో, సంతకం పెట్టించుకో" అని. ఆయన నన్ను బయటికి వెళ్ళమన్నాడు. వెళ్ళకపోతే పోలీసులని పిలుస్తానన్నాడు. ఆ అమ్మాయి ఎవరిని నమ్మాలో తెలియక తన సూట్‌కేస్ వైపు చూస్తూ నిలబడింది. వాళ్ళు రాయించుకున్నారో లేదో తెలియదు.

ట్యాక్సీలో కూర్చున్నాక ఒప్పందం మొత్తం ఫోన్లో చదివాను. నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు మొదటిరోజే పెట్టి ఉంటే డెర్బీలో కాకుండా బ్రూమ్‌లోనే ఆ రాత్రి పడుకునేవాళ్ళం. అంతకు మించి పోయేదేమీ లేదు.

ఇప్పుడు చేస్తున్నవి: బ్యాంకుకి ఫోన్ చేసి ఈ డబ్బు మీద డిస్ప్యూట్ పెట్టాను. వెస్టర్న్ ఆస్ట్రేలియా కన్స్యూమర్ ప్రొటెక్షన్ వాళ్ళ ఫారం నింపుతున్నాను. ఒప్పందంలో ఏం రాసుకున్నా, కస్టమర్‌ని తప్పుదారి పట్టించే మాట చెప్పడం ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టానికి విరుద్ధమే. 2023 నవంబర్ 9 నుంచి ఒప్పందాల్లో అన్యాయమైన షరతులు పెట్టి వాడుకుంటే కంపెనీలకి జరిమానాలు కూడా ఉన్నాయి. మ్యాప్, వీడియో, టైరు రసీదు అన్నీ ఫొటోలు తీసి పంపుతున్నాం.

ఇక వెళ్ళబోయేవాళ్ళకి, త్వరత్వరగా రాస్తున్నాను, బోర్డింగ్ పిలుస్తారు. ఏ రోడ్లు, ఏ నదులు దాటొచ్చో పేర్లతో సహా మెయిల్‌లో అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. 'ఫుల్ కవర్' అంటే ఏవి కవర్ కావో ముందు అడగండి. స్టెప్నీ కిందికి దింపించి చూడండి, ఒకటి కాదు రెండు ఉండాలి. బండి తీసుకున్నప్పుడూ ఇచ్చేటప్పుడూ తలుపుల బీడింగులు, అడుగుభాగం, కార్పెట్ కింద వీడియో తీయండి. నది దాటిన వీడియో నాలాగా సంబరంగా వాళ్ళకి చూపించకండి.

ఇప్పటికే బ్రూమ్‌లో బుక్ చేసుకున్నవాళ్ళు ఈ రాత్రే ఆ మెయిల్ పెట్టండి. గిబ్‌కి వెళ్తున్నామని బుకింగ్‌లో ఉంటే సరిపోదు, 'పెంటెకోస్ట్' అన్న పేరు వాళ్ళ జవాబులో కనిపించాలి. ఇదే నది దగ్గర ఇదే కారణంతో ఎవరికైనా డిపాజిట్ పోయి ఉంటే కింద రాయండి, మా కంప్లైంట్‌కి పనికొస్తుంది.