క్లౌడ్ అప్రిసియేషన్ సొసైటీ సభ్యత్వం: మబ్బుల పిచ్చి ఉన్నవాళ్లకి మంచి తోడు

2005లో గావిన్ ప్రెటర్-పిన్నీ బ్రిటన్‌లో మొదలుపెట్టిన సంఘం ఇది. చేరితే రోజుకో మేఘం ఫోటో, దాని వివరం మెయిల్‌కి వస్తాయి. నాకు మాత్రం సభ్యుల ఫోటోలే ప్రాణం. విశాఖ కైలాసగిరి మీద నుంచి తీసిన క్యుములోనింబస్ (ఉరుముల మేఘం) ఫోటో నేనూ పంపాను: సముద్రం మీద నిలబడి, పైభాగం కమ్మరి దాగలిలా పరుచుకున్న మబ్బు. అలాంటివి ఎక్కడెక్కడివాళ్లో పంపుతుంటే చూస్తూ గంటలు గడిచిపోతాయి.

ఇవి వట్టి కాలక్షేపం ఫోటోలు కావు. సభ్యులు పంపిన చిత్రాలు, సంఘం పట్టుదల వల్ల ఆస్పెరిటాస్ అనే అలల మేఘం 2017లో ప్రపంచ వాతావరణ సంస్థ వారి మేఘాల అట్లాస్‌లోకెక్కింది! మామూలు మనుషులు సాధించారంటే ఎంత గర్వంగా ఉంటుందో.

రుసుము రూపాయల్లో చూస్తే కాస్త ఎక్కువే, అంతా ఇంగ్లీషే. అయినా చేరండి. నైరుతి రుతుపవనాలకు ముందు, మే నెలలో చేరితే పంపడానికి ఫోటోలకు కొదవుండదు.