కొత్తవారికి తగిన క్విజ్: ఏసీఎఫ్ ఫాల్

అమెరికా, కెనడా, బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో ఏటా శరదృతువులో, క్విజ్ బౌల్‌కు (జట్లు బజర్ నొక్కి జవాబులు చెప్పే క్విజ్ పోటీకి) కొత్తగా వచ్చే విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని నిర్వహించే ఏసీఎఫ్ (అకడమిక్ కాంపిటీషన్ ఫెడరేషన్) ఫాల్ పోటీకి అసలు బలం ప్రశ్నల నిర్మాణమే. ప్రతి ప్రశ్నా కఠినమైన ఆధారంతో మొదలై, ఒక్కో వాక్యానికీ తేలికవుతూ, చివరికి చాలామందికి తెలిసిన ఆనవాలుతో ముగుస్తుంది. కనుక లోతుగా చదివినవారు ముందే బజర్ నొక్కగలిగినా, కొత్తవారికి ఆఖరి మాట వరకూ అవకాశం మిగిలే ఉంటుంది. సరైన జవాబుకు 10 పాయింట్లు వస్తాయి, ప్రశ్న పూర్తికాకముందే తప్పు చెబితే 5 పోతాయి. సరైన జవాబు చెప్పిన జట్టుకు దక్కే 30 పాయింట్ల బోనస్ ప్రశ్నల్లో సభ్యులందరూ కలిసి ఆలోచించే తీరు నాకు అన్నిటికన్నా నచ్చింది.

సాహిత్యం, చరిత్ర, విజ్ఞానశాస్త్రాలకు పెద్దపీట వేస్తారు కాబట్టి, సినిమా, క్రికెట్ ప్రశ్నలతో పెరిగిన మన విద్యార్థులకు మొదట కొంత కష్టంగానే ఉంటుంది. పాశ్చాత్య చిత్రకళ, సంగీతం వైపు మొగ్గు ఎక్కువగా ఉండటం నా దృష్టిలో నిజమైన లోపం. అయితే గత సంవత్సరాల ప్రశ్నపత్రాలు ఉచితంగానే దొరుకుతాయి. వెళ్లేముందు వాటిలో రెండు మూడింటిని జట్టుగా కూర్చుని, గట్టిగా చదివించుకుని సాధన చేయడం మంచిది.