హనుమకొండలో పాలిటీ బ్యాచ్: క్లాసు చాలా బాగుంది, మెటీరియల్ మాత్రం పాతది

గ్రూప్-2 పరీక్ష కోసం పాలిటీ (రాజ్యాంగం, ప్రభుత్వ వ్యవస్థ) కోచింగ్ ఒక్కటే ఇక్కడ తీసుకున్నాను, బ్యాచ్ మొన్ననే అయిపోయింది. చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు చేరండి, ముఖ్యంగా పార్లమెంటు, మంత్రిమండలి చాప్టర్ల కోసం.

చాలాచోట్ల ఆర్టికల్ నంబర్లు బోర్డు మీద రాసి బట్టీ పట్టమంటారు. ఇక్కడ సార్ మన పీవీతో మొదలుపెట్టారు. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టిన మనిషి, హనుమకొండ నుంచి 1977లో, 1980లో ఎంపీగా గెలిచి, 1984లో ఇదే సీట్లో బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు (ఆ ఏడు దేశం మొత్తమ్మీద ఆ పార్టీకి వచ్చినవి రెండే సీట్లు, అందులో ఒకటి మనది). 1991 జూన్‌లో ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కారు. మరి ప్రధాని ఎలా అయ్యారో చెప్పండి అని మమ్మల్నే అడిగి, ఎవరో ఒకరు చెప్పేదాకా సార్ ముందుకు కదల్లేదు. ఆరు నెలల్లోపు ఏదో ఒక సభకు ఎన్నికైతే చాలు, ఆయన నంద్యాల ఉప ఎన్నికలో గెలిచారు. ఈ నియమం చెప్పే రాజ్యాంగం ఆర్టికల్ 75(5) ఇక జన్మలో మర్చిపోను.

అక్కడి నుంచి 1993 జూలైకి వెళ్లాం: పీవీ ప్రభుత్వం మీద ప్రతిపక్షం అవిశ్వాసం పెడితే 265-251తో నిలబడింది. 1999 ఏప్రిల్‌లో మాత్రం వాజ్‌పేయి తానే విశ్వాస తీర్మానం పెట్టి 269-270తో, ఒక్క ఓటుతో ఓడిపోయారు. ఈ రెండింటికీ తేడా బోర్డు మీద పక్కపక్కనే రాసి, రెండూ లోక్‌సభలోనే ఎందుకు, రాజ్యసభలో ఎందుకు కుదరదు అని అరగంట చెప్పారు. మంత్రిమండలి జవాబు చెప్పాల్సింది లోక్‌సభకే కదా. ఐదేళ్లకని ఓటేస్తే మధ్యలో ఎట్లా దించుతారని మా నాన్న ఎప్పుడూ అడుగుతుంటాడు, ఇప్పుడు ఆయనకు అర్థమయ్యేలా చెప్పగలుగుతున్నా.

ఎమ్మెల్సీ ఎన్నికలు మాత్రం పరుగు మీద అయిపోయాయి. వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల ఓటు మనలో చాలామందికి ఉంది, ప్రాధాన్య ఓట్లు ఎలా లెక్కిస్తారో, కింది అభ్యర్థిని తీసేసి అతని ఓట్లు రెండో ప్రాధాన్యం ప్రకారం ఎలా పంచుతారో ఒక ఉదాహరణ వేసి చూపించాల్సింది.

మెటీరియల్‌ది ఇంకా పెద్ద సమస్య. లోక్‌సభ గరిష్ఠ సభ్యుల సంఖ్య ఇంకా 552 అనే ఉంది. ఆంగ్లో ఇండియన్ నామినేషన్లు 104వ సవరణతో 2020 జనవరి నుంచి లేవు, ఇప్పుడు 550. సార్ క్లాసులో సరిగ్గానే చెప్పారు, కానీ క్లాసు మిస్సయి బుక్కే చదివినవాళ్లకు మార్కు పోతుంది. డబ్బులు తీసుకుని ఇస్తున్నప్పుడు ఇది సరిచేయాలి.

మెటీరియల్ లేకుండా క్లాసుకు మాత్రమే చేరొచ్చు, ఆఫీసులో అడగండి. వెనక బెంచీలకు మైకు సరిగ్గా వినపడదు, కాస్త ముందే వెళ్లి ముందు వరసల్లో కూర్చోండి.