రైలు పెట్టెలో తెర: టీవీకి ఫిల్టర్ తగిలిద్దామా, రైల్వే రకమే కొందామా?

రాబోయే స్టేషన్ పేరు చూపించే తెరకు కొటేషన్లు పిలిస్తే రెండు రకాలు వస్తాయి. మొదటిది సీఈ గుర్తు (యూరప్ నిబంధనలకు లోబడిందన్న ముద్ర) ఉన్న మామూలు సైనేజ్ టీవీ, అంటే దుకాణాల్లో సమాచారం చూపించే రకం, దానికి తోడు ఒక ఫిల్టరూ ఇనుప పెట్టే. రెండోది ఈఎన్ 50121-3-2 (రైలు పెట్టెల్లోని పరికరాలకు యూరప్ పెట్టిన ప్రమాణం) ప్రకారం పరీక్షించిన రైల్వే డిస్‌ప్లే. ధర చూశాక కొనుగోలు విభాగం ఒకటే మాట అంటుంది: "దీనికీ ఈఎంసీ సర్టిఫికెట్ ఉందిగా!" ఈఎంసీ అంటే పరికరం చుట్టుపక్కల వాటికి రేడియో రొదతో అడ్డు రాకుండా, బయటి రొదకు తాను చెడకుండా ఉండటం.

ఉంది. పైగా ఒక విషయంలో టీవీయే మెరుగు. 30 నుంచి 230 మెగాహెర్ట్జ్ వరకు, 10 మీటర్ల దూరంలో కొలిస్తే, ఇళ్లలో వాడే క్లాస్ బి పరికరం వదిలే రేడియో రొద మీటరుకు 30 డెసిబెల్ మైక్రోవోల్టులు దాటకూడదు. రైలు పరికరానికి 40 దాకా ఒప్పుకుంటారు. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శక్తి పది రెట్లయినట్టు. అంటే అంత రొద చేసినా పాసే!

చిక్కంతా తట్టుకోవడంలో ఉంది. టీవీని మీటరుకు 3 వోల్టుల రేడియో క్షేత్రంలో పెట్టి చూస్తారు, రైలు పరికరాన్ని 20 వోల్టుల్లో. అంత ఎందుకంటారా? రైలు మేనేజర్ (మన నోట్లో ఇంకా గార్డే) చేతిలోని 5 వాట్ల వాకీటాకీని తీసుకోండి. వాట్లను 30తో గుణించి, వర్గమూలం తీసి, దూరంతో భాగిస్తే క్షేత్రం ఎంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మీటరు దూరంలో 12 వోల్టులు. నాలుగు మీటర్ల అవతలకు వెళ్తేనే 3కి దిగుతుంది. ఆయన నడవాలో నిలబడి మాట్లాడితే చాలు, టీవీ తన పరీక్ష హద్దు దాటిపోయినట్టే.

మరి ఫిల్టర్? అది కరెంటు తీగ వెంట వచ్చే రొదనే ఆపుతుంది. క్షేత్రం ముందరి గాజులోంచీ, హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగానూ లోపలికి వస్తుంది. ఇనుప పెట్టెకు అంత పెద్ద కిటికీ పెట్టాక అది కవచమెలా అవుతుంది? విద్యుత్ ప్రసరించే పూతున్న గాజు, కనెక్టర్ దగ్గర చుట్టూ అతుక్కునే కేబుల్ షీల్డు కావాలి. అవన్నీ చేయించేసరికి ధరలో తేడా కరిగిపోతుంది, పరీక్ష ఖర్చు మీ నెత్తిన పడుతుంది. ఇంకోటి: కోచ్‌లోని 110 వోల్టుల డీసీ సరఫరా 77 నుంచి 137.5 దాకా ఊగుతుంటుంది. టీవీకి మధ్యలో కన్వర్టర్ పెట్టక తప్పదు. అదే కొత్త రొద పుట్టిస్తుంది, టీవీ సర్టిఫికెట్‌లో దాని ఊసే ఉండదు.

కాబట్టి కోచ్‌లోకి రైల్వే రకమే తీసుకోండి. పట్టాలకు దూరంగా ఉండే వెయిటింగ్ హాల్‌కు మాత్రం టీవీ చాలు, అక్కడ ఎక్కువ పెట్టడం డబ్బు దండగ. ప్లాట్‌ఫారం మీద పెట్టేదానికి ఈఎన్ 50121-4 (రైల్వే సిగ్నలింగ్, టెలికాం పరికరాల ప్రమాణం) రిపోర్టు అడగండి. కోచ్ రిపోర్టు దానికి సరిపోదు.

రైల్వే రకమన్నంత మాత్రాన రిపోర్టు చదవకుండా సంతకం పెట్టకండి. పరీక్షించిన పవర్ సప్లయ్, మీకు పంపే పవర్ సప్లయ్ ఒకటేనా? కేబుళ్లు అవేనా? పరీక్ష నడుస్తుండగా తెర ఏం చేసిందో కూడా చూడండి. దానికి రిపోర్టులో ఒక గ్రేడు ఉంటుంది (ఇందాకటి క్లాస్ బి వేరు): తెర క్షణంపాటు నల్లబడి దానంతటదే తేరుకుంటే అది 'బి', ఏ తేడా లేకుండా నడిస్తే 'ఎ'. స్థిర విద్యుత్ షాక్ పరీక్షలో 'బి' వచ్చినా ఒప్పుకోవచ్చు. నిరంతర రేడియో క్షేత్రం ఎదుట 'బి' అని రాసి ఉంటే వెనక్కి పంపండి. నల్లని తెరనైనా క్షమించొచ్చు గానీ, కాజీపేట దాటాక కూడా కాజీపేటే చూపిస్తూ బిగుసుకుపోయిన తెర ప్రయాణికుణ్ణి వేరే స్టేషన్‌లో దింపుతుంది.