నాలుగేళ్ల టోపిరామేట్: తగ్గిన తలనొప్పి, జారిపోయిన మాట

నేను కర్నూలులో దస్తావేజు లేఖరిని. సర్వే నంబర్లు, విస్తీర్ణాలు, హద్దులు ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా రాయడం నా వృత్తి. కాలేజీ రోజుల నుంచి నాకు పార్శ్వపు నొప్పి (మైగ్రేన్) ఉంది. కుడి కణత దగ్గర మొదలై కంటి వెనుక నాడి కొట్టుకున్నట్లు కొట్టుకుంటూ, వాంతి అయితే తప్ప శాంతించేది కాదు. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ నొప్పి రాకుండా రోజూ వేసుకునే టోపిరామేట్ మాత్ర గురించి. అయితే అంతకుముందు వాడినవాటి సంగతి చెప్పకుండా దాని విలువ కట్టడం న్యాయం కాదు.

పదేళ్లపాటు నేను చేసుకున్నది మందుల అంగడి వైద్యమే. ఎర్గోటమిన్, కెఫీన్, పారాసిటమాల్ కలిసిన మాత్ర చీటీ లేకుండానే దొరికేది. నొప్పి వస్తుందేమోనన్న అనుమానం కలిగినా చాలు, ఒకటి వేసుకునేవాడిని. 2020 నాటికి నెలలో పదహారు రోజులు ఆ మాత్ర లేనిదే గడవలేదు. ఇటువంటి కలగలుపు మాత్రలను నెలకు 10 రోజులు, మామూలు నొప్పి మాత్రలను 15 రోజులు చొప్పున మూడు నెలలకు మించి వాడితే ఆ మందే తలనొప్పిని పుట్టిస్తుందని నరాల డాక్టరు చెప్పేదాకా నాకు తెలియదు. ఆయన సలహా మీద ఆపిన మొదటి వారం నరకమే. కిటికీలకు దుప్పట్లు కట్టించుకొని పడుకున్నాను. రెండో వారం దాటాక మాత్రం, ఎన్నో ఏళ్ల తర్వాత తల తేలికగా ఉండటమంటే ఏమిటో గుర్తుకు వచ్చింది.

నివారణకు మొదట ఇచ్చినది ఫ్లూనరిజిన్. నొప్పి కొంత తగ్గింది కానీ ఐదు నెలల్లో ఆరు కిలోలు పెరిగాను, మధ్యాహ్నం బల్ల మీదే కునుకు పట్టేది. అంతకంటే ముఖ్యంగా, నేను మాట్లాడటం తగ్గించేశానని మా ఆవిడ గమనించింది. దిగులు ఆ మందుకు తెలిసిన దుష్ఫలితమేనని చెప్పి డాక్టరు దాన్ని మాన్పించారు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం ఉండేది కనుక, దాన్ని రేపగల మరో నివారణ మందు ప్రొప్రనొలాల్ జోలికి వెళ్లలేదు.

2021లో టోపిరామేట్ మొదలైంది. రాత్రి 25 మిల్లీగ్రాములతో ప్రారంభించి, వారానికి 25 చొప్పున పెంచుతూ నెలకల్లా రోజుకు 100కు చేర్చారు. మూడో నెలకు, అంతవరకు నెలకు పదకొండు పన్నెండు సార్లు వచ్చే నొప్పి నాలుగుకు దిగింది. నా అనుభవంలో ఏ మందూ ఇంత మేలు చేయలేదు.

దానికి చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. వేళ్ల కొసల్లో, పెదవుల చుట్టూ చీమలు పాకినట్లు తిమ్మిర్లు వచ్చేవి, రెండు నెలల్లో అవి పలచబడ్డాయి. ఎండాకాలంలో నాకు ప్రాణమైన నన్నారి సోడా మొదటి గుక్కలోనే రేకు నాకినట్లు అనిపించింది. సోడా పాడైందని అంగడతనితో తగువు పెట్టుకున్నాను కూడా. గ్యాసు కలిసిన పానీయాల రుచిని చెడగొట్టడం ఈ మందు లక్షణమని తర్వాత తెలిసి, వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. ఆకలి తగ్గి ఏడు కిలోలు చిక్కాను. పెళ్లిళ్లలో ఎదురైన ప్రతి బంధువూ "షుగరా?" అని అడగడం దీనికి కొసరు.

అసలు దెబ్బ మాట మీద పడింది. పత్తికొండ వైపు నుంచి వచ్చిన అన్నదమ్ములకు భాగపరిష్కార పత్రం రాస్తున్నాను. తర్వాత రాయవలసిన మాట రాలేదు. ఇరవై ఏళ్లుగా రోజూ రాస్తున్న మాట అది. కలం కాగితం మీద ఆగిపోయి సిరా చుక్క పెద్దదవుతోంది. "అదే పెద్దాయనా, నాలుగు దిక్కులా ఎవరెవరు ఉండారని రాస్తామే" అన్నాను. "చెక్కుబందీనా సామీ?" అని ఆయనే అందించాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే డాక్టరుకు ఫోన్ చేశాను.

ఆయన మందు మార్చలేదు, మోతాదును 75కు తగ్గించి, ఉదయం 25, రాత్రి 50గా విభజించారు. మూడు వారాల్లో మాటలు తిరిగి వచ్చాయి. నెలకు నాలుగు నొప్పులు ఐదయ్యాయి. ఆ బేరం నాకు సమ్మతమే. పూర్తి మోతాదు మీద పట్టుబట్టకుండా తగ్గించి చూడమని అడగవచ్చన్న సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఎనిమిది నెలల అవస్థ తప్పేది.

మన సీమవాళ్లు ప్రత్యేకంగా గమనించవలసినది ఎండ. ఈ మందు చెమటను తగ్గిస్తుంది. ఒక మే నెలలో స్టాంపు కాగితాల కోసం నడిచి వెళ్తుంటే వెంట ఉన్న కుర్రవాడి చొక్కా తడిసి ముద్దయింది, నాది మాత్రం ఇస్త్రీ చేసినట్లే ఉంది. గొప్పగానే అనిపించింది కానీ, కాసేపటికి ఒళ్లు పొయ్యిలా కాలి, కళ్లు తిరిగి మెట్ల మీద కూలబడ్డాను. అప్పటి నుంచి పదకొండు దాటితే బయటికి వెళ్లను, తడి తువ్వాలు మెడ మీద ఉంటుంది. ఈ మాత్ర వల్ల మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడే అవకాశం కూడా ఉంది కనుక రోజుకు మూడు లీటర్ల నీళ్లు లెక్కపెట్టి తాగుతున్నాను.

నొప్పి వచ్చినప్పుడు సుమట్రిప్టాన్ 50 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటాను. తొలి అరగంటలో వేసుకుంటే రెండు గంటల్లో లేచి కూర్చుంటాను, ఆలస్యమైతే కడుపు కదలిక మందగించి మాత్ర ఒంటబట్టదు. మొదటిసారి ఛాతీ, మెడ బిగుసుకుపోతే గుండెపోటని భయపడి పరుగెత్తాను. ఈసీజీ బాగానే ఉంది. గుండెజబ్బు ఉన్నవారు మాత్రం దీన్ని వాడకూడదు.

గర్భం ధరించే అవకాశం ఉన్నవారు టోపిరామేట్ మొదలుపెట్టకముందే డాక్టరుతో ఆ సంగతి మాట్లాడాలి, బిడ్డకు లోపాలు కలిగే ప్రమాదం ఉంది. మొదటి నెలలో కంటినొప్పితో చూపు హఠాత్తుగా మసకబారితే ఆ రోజే కంటి వైద్యునికి చూపించుకోవాలి. మనంతట మనం ఒక్కసారిగా మానేయకూడదు.

ఇప్పటికి నాలుగేళ్లు దాటింది. ఈ చలికాలంలో 50కి దించి చూద్దామన్నారు డాక్టరు. నొప్పి వచ్చిన రోజులు రాసుకునే పాత దస్తావేజుల పుస్తకంలో వచ్చే మూడు నెలలకు గీతలు కొట్టి ఉంచాను.