ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్ జోస్యానికి ఎలో షీటు: పదకొండు సీజన్లు వాడాక

2024 భోగి. ఆట మూడున్నరకి మొదలవుతుందని ఫ్రిస్కోలో మా బావమరిది ఇంట్లో పిల్లలకి మధ్యాహ్నమే భోగిపళ్లు పోసేశాం. రేగుపళ్లూ చిల్లర నాణేలూ తివాచీ మీద ఉండగానే అందరం టీవీ ముందు చేరాం. ముప్పావు గంట దూరంలో, ఆర్లింగ్టన్‌లో, మా డాలస్ కౌబాయ్స్‌కీ గ్రీన్ బే ప్యాకర్స్‌కీ ఎన్‌ఎఫ్‌ఎల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ లీగులో ప్లేఆఫ్ (నాకౌట్ దశ) తొలి రౌండు. కౌబాయ్స్ అప్పటికి సొంత మైదానంలో వరసగా 16 ఆటలు గెలిచి ఉన్నారు. ఆ సీజన్లో 509 పాయింట్లు కొట్టి లీగ్ మొత్తానికీ మొదటి స్థానంలో నిలిచారు. లీగులో రెండు కాన్ఫరెన్సులు, ప్లేఆఫ్‌కి చేరిన జట్లకి ఒక్కోదాంట్లో ఒకటి నుంచి ఏడు దాకా వరస నంబరు (సీడ్) ఇస్తారు. వాళ్లది రెండో సీడ్, అవతలివాళ్లది ఏడో సీడ్. ప్లేఆఫ్‌లని 14 జట్లకి పెంచిన 2020 సీజన్ నుంచి అప్పటిదాకా ఏడో సీడ్ ఆరు ఆటలు ఆడి ఆరూ ఓడింది.

నా షీటు కౌబాయ్స్‌కి గెలిచే అవకాశం 73 శాతం అని చూపించింది. ఆ గడి చెరిపి 85 వేశాను. రెండో క్వార్టర్ ముగిసేలోపే 27-0, ప్యాకర్స్ ఆధిక్యం. గది నిశ్శబ్దమైపోయింది. మా అత్తగారు వచ్చి "ఏమైంది బాబూ, అందరూ అలా అయిపోయారు?" అని అడిగితే ఎవ్వరం జవాబు చెప్పలేకపోయాం. చివరికి 48-32తో పోయింది.

ఈ సమీక్ష ఆ షీటు గురించి, అంతకన్నా ఎక్కువగా ఆ 73కీ 85కీ మధ్యనున్న తేడా గురించి. 2014 సీజన్లో ఫైవ్‌థర్టీఎయిట్ అనే గణాంకాల సైటు ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లకి ఎలో రేటింగులు, అంటే జట్టు బలాన్ని ఒక్క అంకెలో చెప్పే లెక్క, ప్రచురించడం మొదలుపెట్టింది. లెక్క మొత్తం బయటపెట్టారు కాబట్టి దాన్ని నా స్ప్రెడ్‌షీటులోకి దించుకున్నాను. ఆ సైటు 2025 మార్చిలో మూతపడింది. నా షీటు మాత్రం ఇంకా నడుస్తోంది.

చదరంగం చూసేవాళ్లకి ఎలో కొత్త కాదు. మన వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబరులో 2800 దాటాడని సంబరపడ్డాం కదా, అది ఈ లెక్కే. ఇక్కడ సగటు జట్టుకి 1505 ఉంటుంది. ఆటకి ముందు రెండు జట్ల తేడా చూస్తాం. 100 పాయింట్లు ఎక్కువుంటే గెలిచే అవకాశం 64 శాతం, 200 ఉంటే 76. ఆట అయ్యాక ఓడినవాళ్ల ఖాతాలోంచి గెలిచినవాళ్ల ఖాతాలోకి కొంత జమ అవుతుంది. బలమైన జట్టు బలహీనమైనదాన్ని కొడితే స్వల్పంగా, తారుమారైతే భారీగా. ఎంత తేడాతో గెలిచారన్నది కూడా కొంత కలుస్తుంది. ఒక ఆదివారం కూర్చుంటే ఎవరైనా తయారు చేసుకోవచ్చు. సీజన్లో మొత్తం 272 ఆటలు, వారానికి పావుగంట పని.

దీని అసలు ఉపయోగం రెగ్యులర్ సీజన్ పట్టిక అయిపోయిన మర్నాడు తెలుస్తుంది. ఆ పట్టికని నమ్మి ప్లేఆఫ్ జోస్యం చెప్పడం ఎంత ప్రమాదమో నాకు అర్థం కావడానికి నాలుగైదేళ్లు పట్టింది. డివిజన్ (నాలుగు జట్ల గుంపు) గెలిచిన జట్టుకి మొదటి నాలుగు సీడ్లలో ఒకటి ఖాయం, తొలి ఆట సొంత మైదానంలోనే. దాని గెలుపోటములు ఎంత నాసిగా ఉన్నా సరే. 2010 సీజన్లో సియాటిల్ సీహాక్స్ 7-9తో, అంటే ఏడు గెలుపులూ తొమ్మిది ఓటములతో, డివిజన్ గెలిచి, 11-5తో వచ్చిన న్యూ ఆర్లియన్స్ సెయింట్స్‌ని తమ ఊరికి రప్పించి 41-36తో ఓడించారు. సెయింట్స్ అప్పటికి డిఫెండింగ్ ఛాంపియన్లు. అంటే సీడు నంబరు జట్టు బలాన్ని చెప్పదు, ఆట ఏ ఊళ్లో జరుగుతుందో చెబుతుంది.

గెలుపుల సంఖ్య కూడా అంతే. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా షీటులో ఎలో పక్కన నేను చేర్చుకున్న వాటిలో అన్నిటికంటే పనికొచ్చిన గడి ఇక్కడే పుట్టింది. 2022లో మిన్నెసోటా వైకింగ్స్ 13-4. చూడ్డానికి మహా గొప్పగా ఉంది. కానీ సీజన్ మొత్తంలో వాళ్లు కొట్టినవి 424 పాయింట్లు, ఇచ్చినవి 427. పదమూడు ఆటలు గెలిచిన జట్టు మొత్తమ్మీద మూడు పాయింట్లు వెనకబడి ఉంది! ఎనిమిది పాయింట్లలోపు తేడాతో ముగిసిన ఆటలు 11 ఆడి 11 గెలిచారు. బంతి ఒక్కసారి అటు దొర్లినా, ఒక కిక్ కాస్త పక్కకి పోయినా ఫలితం మారిపోయే ఆటలవి. కొట్టిన పాయింట్లనీ ఇచ్చిన పాయింట్లనీ 2.37 ఘాతానికి పెంచి నిష్పత్తి కట్టే సూత్రం ఒకటుంది. బేస్‌బాల్ నుంచి వచ్చింది, పైథాగరియన్ గెలుపులు అంటారు. దాని ప్రకారం వైకింగ్స్ 17 ఆటల్లో 8.4 గెలవాల్సిన జట్టు. 2023 జనవరిలో సొంత గడ్డ మీద, తొలి రౌండులోనే, న్యూయార్క్ జెయింట్స్ చేతిలో 31-24తో ఓడారు. ఆ ఆటకి నేను జెయింట్స్‌కి 46 శాతం వేశాను. ఆఫీసులో 13-4 జట్టుని అంత తక్కువ చేస్తావా అని అడిగినవాళ్లకి ఆ 424, 427 చూపించాను.

అయితే ఈ గడిని కూడా గుడ్డిగా నమ్మకూడదు. 2024లో కాన్సస్ సిటీ చీఫ్స్ 15-2. పాయింట్ల తేడా చూస్తే +59 మాత్రమే, సూత్రం ప్రకారం 10 గెలుపుల జట్టు. కానీ ఆ లెక్కలో చివరి వారం డెన్వర్‌లో 38-0తో ఓడిన ఆట కూడా ఉంది. మొదటి సీడ్ అప్పటికే ఖాయమైపోయి, ముఖ్యమైన ఆటగాళ్లకి విశ్రాంతి ఇచ్చిన ఆట అది. దాన్ని తీసేస్తే 16 ఆటల్లో +97. అప్పుడు కూడా సూత్రం 10.6 గెలుపులే అంటుంది, వాళ్లు గెలిచింది 15. అంటే అదృష్టం పాలు ఉన్న మాట నిజమే, కానీ జట్టు ఆ మొదటి అంకె చూపించినంత మామూలుదీ కాదు. అప్పటినుంచి చివరి వారం ఆటలని ఒక్కొక్కటీ చేత్తో పరిశీలించి, పక్కన పెట్టాల్సినవి పక్కన పెడుతున్నాను. ఈ పని చేయని రేటింగ్ ఏదైనా సరే, జనవరి మొదటి వారంలో దాన్ని చూడకండి.

ఎలో పెద్ద లోపం క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు. దానికి జట్టు పేరు తప్ప మనుషులు తెలియరు. 2017 డిసెంబరులో ఫిలడెల్ఫియా ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలి లిగమెంటు తెగింది. బ్యాకప్ నిక్ ఫోల్స్ వచ్చాడు. 13-3తో మొదటి సీడ్ అయినా, సొంత మైదానంలో అట్లాంటాతో ఆడే ఆటకి పందెం మార్కెట్ ఈగల్స్‌నే తక్కువగా చూసింది. నా షీటుకి వెంట్జ్ లేడన్న సంగతే తెలియదు, హాయిగా ఈగల్స్ అంది. వాళ్లు 15-10తో గెలిచారు, ఆ తర్వాత లీగ్ ఫైనలైన సూపర్ బౌల్ కూడా గెలిచారు. ఆ ఏడు నా షీటుని అందరూ మెచ్చుకున్నారు, నాకు మాత్రం మింగుడుపడలేదు. తెలియకపోవడం వల్ల కుదిరిన జోస్యాన్ని లెక్క గొప్పతనం అనుకోవడం తప్పు. 2019లో ఫైవ్‌థర్టీఎయిట్ వాళ్లు క్వార్టర్‌బ్యాక్ సవరణ చేర్చాక నేనూ ఒక గడి కలిపాను. ఆట మధ్యలో దెబ్బ తగిలితే మాత్రం ఏ గడీ కాపాడలేదు. 2023 జనవరిలో కాన్ఫరెన్స్ ఫైనల్లో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు క్వార్టర్‌బ్యాక్, కుర్రాడు బ్రాక్ పర్డీకి, తన జట్టు చేతికి బంతి మొదటిసారి వచ్చినప్పుడే మోచేయి దెబ్బతింది. బ్యాకప్పుకీ తలకి దెబ్బ తగిలింది. ఈగల్స్ 31-7తో గెలిచారు. ఆ ఆట నుంచి ఎవరి బలం గురించీ నేర్చుకోవడానికి ఏమీ లేదు.

సొంత మైదానం లాభానికి పాత లెక్క 65 ఎలో పాయింట్లు, అంటే సుమారు రెండున్నర పాయింట్ల ఆధిక్యం. 2020లో ఖాళీ స్టేడియాల్లోనో కొద్దిమంది ప్రేక్షకుల ముందో ఆడినప్పుడు రెగ్యులర్ సీజన్లో హోమ్ జట్లు 127 గెలిచి 128 ఓడాయి, ఒకటి టై. ఆ తర్వాత నేను 45కి తగ్గించాను, అది నాకు బాగానే నడుస్తోంది.

ఇక లైను సంగతి. ఆటకి ముందు పందెం మార్కెట్ అంచనా వేసే పాయింట్ల తేడాని లైను అంటారు. పందెం మా టెక్సాస్‌లో చట్టబద్ధం కాదు, నేను వెయ్యను కూడా. కానీ కౌబాయ్స్ -7 అని లైను ఉంటే, అంటే వాళ్లు ఏడు పాయింట్లతో గెలుస్తారని అంచనా ఉంటే, ఆ అంకెలో గాయాలూ వాతావరణమూ విశ్రాంతీ అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఇరవై అయిదు ఎలో పాయింట్లని ఒక పాయింటుగా మార్చుకుని పక్కపక్కన పెట్టి చూస్తాను. పదకొండు సీజన్ల తర్వాత నిజం చెప్పాలంటే, ఆట మొదలయ్యే ముందటి లైనుని నా షీటు సీజన్ మొత్తమ్మీద ఒక్కసారి కూడా ఓడించలేదు. అలాంటప్పుడు షీటు ఎందుకంటారా? లైను ఎందుకలా ఉందో అడగడానికి. రెండిటికీ నాలుగు పాయింట్ల తేడా వచ్చిందంటే నాకు తెలియని సంగతి ఏదో ఉన్నట్టు, గాయాల జాబితా వెతుకుతాను. దాదాపు ప్రతిసారీ దొరుకుతుంది.

మధ్యలో ఒక సీజన్ డబ్బు కట్టి ఒక జోస్యం సేవ తీసుకున్నాను. ప్రతి ఆటకీ "పక్కా" అనేవాళ్లు, శాతం ఎప్పుడూ చెప్పలేదు. తప్పిన జోస్యాలు రెండు రోజులకి జాబితాలో కనబడేవి కావు. శాతం చెప్పనివాడి మాట కొలవడానికి వీలుండదు, అందుకే మళ్లీ అటు పోలేదు.

కొలవడం అంటే ఇదీ. నేను 0.73 అన్నాను, జట్టు ఓడింది, అంటే 0. తేడాని తేడాతోనే గుణిస్తే 0.53. ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. అన్ని ఆటలకీ సగం సగం అని వేసినా 0.25 వస్తుంది, కాబట్టి దానికన్నా ఎక్కువ వస్తే మన జోస్యం వల్ల నష్టమే. ఆ భోగి రోజు 85 వేసినందుకు నాకు 0.72 పడింది. ఒకవేళ కౌబాయ్స్ గెలిచి ఉంటే ఆ 85 వల్ల నాకు కలిసొచ్చేది 0.05 మాత్రమే. ఓడినందుకు అదనంగా పోయింది 0.19. అభిమానంతో పెంచిన ప్రతి శాతానికీ బేరం ఇలాగే ఉంటుంది. అంతకుముందు 2017 కనుమ నాడు కూడా ఇదే ప్యాకర్స్, ఇదే కౌబాయ్స్. మొదటి సీడ్ మాది, 34-31తో చివరి కిక్‌కి పోయింది. అప్పుడూ గడి చెరిపాను. ఆ రెండు సాయంత్రాలూ నాకు ఇప్పటికీ బాధే.

ఆఫీసుల్లో నడిచే బ్రాకెట్ పందేల్లో ప్లేఆఫ్ 13 ఆటల విజేతలనీ ముందే నింపమంటారు. ప్రతి ఆటలోనూ 65 శాతం సరిగ్గా చెప్పగలిగే మనిషి ఉన్నాడనుకుందాం, అది చాలా మంచి నైపుణ్యం. 13 కి 13 సరిగ్గా రావడానికి అతనికి సుమారు 270కి ఒక్క అవకాశం. మొదటి సీడ్‌కి బై ఉంటుంది, అంటే తొలి రౌండు ఆడక్కర్లేదు, మూడు గెలిస్తే కప్పు. ఆ మూడిట్లోనూ 65 శాతం ఫేవరెట్ అయినా కప్పు గెలిచే అవకాశం 27 శాతమే. నాలుగు గెలవాల్సిన జట్టుకైతే 18. ఐపీఎల్‌లో మొదటి రెండు జట్లకి క్వాలిఫయర్ ఓడినా ఇంకో దారి ఉంటుంది, ఇక్కడ అదేమీ లేదు. 2019లో బాల్టిమోర్ రేవెన్స్ 14-2, +249 పాయింట్లు. ఎలో, పాయింట్ల తేడా, లైను మూడూ ఒకే మాట చెప్పాయి. ఆరో సీడ్ టెనెసీ వచ్చి 28-12తో కొట్టింది. డెరిక్ హెన్రీ 195 గజాలు పరిగెత్తాడు. 2024లో డెట్రాయిట్ లయన్స్ 15-2, +222. అయిదు సార్లు బంతి పోగొట్టుకుని వాషింగ్టన్ చేతిలో 45-31తో ఓడారు. ఈ రెండు ఆటలకీ నేను వేసిన శాతాలు ఇప్పుడు మళ్లీ వెయ్యమన్నా అవే వేస్తాను. అయిదుసార్లు బంతి పోతుందని రెగ్యులర్ సీజన్లోంచి చదవగలిగే దారి లేదు.

గెలిచే జట్టు పేరు కావాలంటే ఇది మీకు నచ్చదు. ఎంతవరకు నమ్మొచ్చో తెలుసుకోవాలనుకుంటే నేను వాడినవాటిలో దీనికి సాటి వచ్చింది లేదు. ఖర్చు లేదు, ప్రతి అంకె ఎక్కడినుంచి వచ్చిందో మనకే తెలుస్తుంది. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌కి ఎలో చీఫ్స్ అంది, లైను కూడా ఒకటి ఒకటిన్నర పాయింట్లు చీఫ్స్ వైపే. పాయింట్ల తేడా ఒక్కటే ఈగల్స్ అంది, +160 వాళ్లది. ఈగల్స్‌కి 54 వేశాను. 40-22తో ఈగల్స్ గెలిచారు. 54 వేసినవాడికి ఆ తేడా చూసి మురిసిపోయే హక్కు లేదు, నాకు వచ్చింది 0.21.

మర్నాడు సోమవారం సాయంత్రం మా అమ్మాయి పక్కన కూర్చుంది. సీజన్ అయిపోగానే ప్రతి జట్టు రేటింగునీ సగటు వైపు మూడో వంతు లాగాలి, ఆటగాళ్లు మారతారు కాబట్టి. ఈగల్స్ గడిలో అంకె తగ్గడం చూసి "నిన్నే కదా నాన్నా గెలిచారు" అంది. కౌబాయ్స్ గడి చూపించాను. ఆ ఏడు 7-10, సగటు కన్నా కిందున్నారు. అదే సూత్రం వాళ్లని కాస్త పైకి లాగింది. ఆ గడి రక్షణ పాస్‌వర్డ్ ఇప్పుడు తన దగ్గరే ఉంది. జనవరిలో నేను శాతాలు చెరపకుండా.