వియంటియాన్ వీసా ట్రిప్: థాయ్‌లాండ్ టీచర్లకు ఈ-వీసా సేవ ఎంతవరకు అక్కరకొస్తుంది?

థాయ్‌లాండ్ స్కూళ్లలో లెక్కలు, సైన్సు, ఇంగ్లిష్ చెప్పే మనవాళ్లకు లావోస్ రాజధాని వియంటియాన్ పేరు బాగా తెలుసు. ఉద్యోగానికి కావాల్సిన నాన్-ఇమిగ్రెంట్ బి (నాన్-బి) వీసా దేశం బయటికెళ్లి తెచ్చుకోవాలంటే ముందు వినిపించే ఊరు అదే. ఒకప్పుడు అక్కడి థాయ్ ఎంబసీలో వరుసలో నిలబడి పాస్‌పోర్టు అప్పజెప్పి, మర్నాడు మళ్లీ వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చేది. 2025 జనవరి 1 నుంచి థాయ్ ఎంబసీలు, కాన్సులేట్లు అన్నీ ఈ-వీసాకు మారాయి. పాస్‌పోర్టు మన దగ్గరే ఉంటుంది, వీసా ఈమెయిల్‌లో వస్తుంది. సేవ మెరుగైంది, అందులో సందేహం లేదు. కానీ వీసా వస్తుందా రాదా అన్నది మీరు బండెక్కే ముందే, స్కూలు ఆఫీసు ఇచ్చిన కాగితాల్లోనే తేలిపోతుంది.

అసలు ఈ ట్రిప్ మీకు అవసరమా? వర్క్ పర్మిట్ ఉండి అదే స్కూల్లో కొనసాగుతుంటే అక్కర్లేదు. స్థానిక ఇమిగ్రేషన్ ఆఫీసులో 1,900 బాత్ కట్టి ఏడాది పొడిగింపు తీసుకోవచ్చు. వీసా మినహాయింపు (ముందుగా వీసా తీసుకోకుండా కొద్దిరోజులకు రానివ్వడం) మీద వచ్చి ఉద్యోగం దొరికినవారికి, స్కూలు మారినప్పుడు పాత వీసా రద్దయినవారికి, రీ-ఎంట్రీ పర్మిట్ (పొడిగింపు పోకుండా దేశం బయటికెళ్లి రావడానికి అనుమతి) లేకుండా ఇంటికెళ్లి పొడిగింపు పోగొట్టుకున్నవారికి మాత్రమే ఇది కావాలి. వీరిలోనూ కొందరు థాయ్‌లాండ్ లోపలే 2,000 బాత్‌తో వీసా రకం మార్చుకోవచ్చు. అందుకు స్టాంపులో కనీసం 15 రోజులు మిగిలి ఉండాలి, కొన్ని ఆఫీసులు 21 అడుగుతాయి. స్కూలు కాగితాలు సాధారణంగా ఆ గడువు దాటాకే చేతికొస్తాయి కాబట్టి చాలామందికి వియంటియాన్ తప్పదు.

కాగితాల దగ్గర కాస్త ఆగుదాం. స్కూలు ఇచ్చే నియామక లేఖ, స్కూలు లైసెన్సు నకలు, పర్యవేక్షించే ప్రభుత్వ విభాగం (ప్రైవేటు స్కూలైతే ప్రైవేట్ ఎడ్యుకేషన్ కమిషన్ ఆఫీసు) నుంచి ఆమోద లేఖ, మీ డిగ్రీ, రెజ్యుమె, అడిగితే పోలీసు క్లియరెన్సు. వీటిలో ఎక్కువగా ఆలస్యమయ్యేది ప్రభుత్వ విభాగం లేఖ. “మీరు బయల్దేరండి, లేఖ తర్వాత పంపుతాం” అని స్కూలు చెబితే బయల్దేరకండి. లేఖ లేకుండా పెట్టిన దరఖాస్తును మరిన్ని పత్రాలు కావాలంటూ ఆపేస్తారు, మీరు వియంటియాన్‌లో రోజుకింతని హోటల్ అద్దె కడుతూ కూర్చోవాలి. దరఖాస్తు తిరస్కరించినా ఫీజు వెనక్కి రాదు.

తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, డిగ్రీలో ఇంకోలా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడే ఖాళీ, మొత్తం పేరు ఒకే వరుసలో ఉంటుంది. థాయ్ గుమస్తా ముందున్న డిగ్రీ చూసి లేఖ టైప్ చేస్తే అది పాస్‌పోర్టుతో కలవదు. లేఖలన్నిటిలో పాస్‌పోర్టులో ఉన్న పేరే, అక్షరం తేడా లేకుండా ఉండాలని స్కూలుకు పాస్‌పోర్టు నకలుతో పాటు రాసి పంపండి. డిగ్రీలో పేరు వేరుగా ఉంటే రెండూ ఒకరివేనని అఫిడవిట్ ఇంటి దగ్గర ఉన్నప్పుడే చేయించుకోవడం మేలు. బ్యాంకాక్ నుంచి ఆ పని చేయించడం చాలా కష్టం.

ఇక ప్రయాణం. బ్యాంకాక్ కృంగ్ తేప్ అపివత్ స్టేషన్ నుంచి రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి సరిహద్దు పట్టణం నోంగ్ ఖాయ్‌లో ఉంటారు. 2024 జూలై నుంచి నేరుగా వియంటియాన్ వెళ్లే రైలూ ఉంది. విమానమైతే ఉడోన్ థానీకి గంట, అక్కడి నుంచి వ్యానులో నోంగ్ ఖాయ్‌కి మరో గంట. మీకాంగ్ నది మీది మొదటి స్నేహ వంతెన చెక్‌పోస్టు ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు తెరిచి ఉంటుంది. వంతెన దాటించే బస్సు అక్కడే దొరుకుతుంది, అవతలి ఒడ్డు నుంచి ఊళ్లోకి 20 కిలోమీటర్లు.

భారత పాస్‌పోర్టుకు లావోస్ వీసా వంతెన దగ్గరే ఇస్తారు. సుమారు 40 డాలర్లు, ఒక ఫోటో, పాస్‌పోర్టులో ఆరు నెలల గడువు, ఒక ఖాళీ పేజీ కావాలి. డాలర్ నోట్లు మడత, చిరుగు, పెన్ను గీత లేనివి తీసుకెళ్లండి, మాసిన నోటు తిప్పి ఇచ్చేస్తారు. బాత్‌లో కట్టొచ్చు, కానీ ఎక్కువ పడుతుంది.

ఈ-వీసాలో చాలామంది పొరబడేది ఇక్కడే: థాయ్‌లాండ్‌లో కూర్చుని వియంటియాన్ ఎంబసీకి దరఖాస్తు చేయలేరు. ప్రస్తుతం ఆ దేశంలోనే ఉన్నారని రుజువు జతచేయాలి. అంటే లావోస్ ప్రవేశ స్టాంపు పడ్డ పేజీ. స్టాంపు మసకగా ఉంటే పగటి వెలుతురులో, పేజీ నాలుగు మూలలూ కనిపించేలా ఫోటో తీయండి. మిగతా పత్రాలన్నీ స్కాన్ చేసి, పరిమాణం తగ్గించి ఫోన్‌లో సిద్ధంగా ఉంచుకుంటే హోటల్ గది చేరిన గంటలోనే దరఖాస్తు వెళ్లిపోతుంది. ఫీజు సింగిల్ ఎంట్రీకి 2,000 బాత్‌కు సమానమైన మొత్తం. చెల్లించే పద్ధతి ఒక్కో ఎంబసీలో ఒక్కోలా ఉంటుంది, వియంటియాన్ ఎంబసీ తాజా ప్రకటన ముందే చూడండి. ఆన్‌లైన్‌లో కట్టాల్సి వస్తే బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్‌కు రోమింగ్ వేయించుకోవడం మరవద్దు.

తర్వాత ఎదురుచూపు. కనీసం ఐదారు పనిదినాలు పెట్టుకోండి. ఏప్రిల్ మధ్యలో థాయ్ కొత్త సంవత్సరం సొంగ్‌క్రాన్, లావోస్ కొత్త సంవత్సరం పీ మై లావ్ సెలవులు ఒకదానిపై ఒకటి పడతాయి, మే మధ్యలో స్కూళ్లు తెరుస్తారు కాబట్టి ఆ ముందు వారాల్లో రద్దీ. వీసా రాకముందు థాయ్‌లాండ్‌కు తిరిగి రాకండి, దరఖాస్తు ఆధారమే పోతుంది. లావోస్ డబ్బు కిప్పులు కొంచెమే మార్చుకోండి, నది దాటాక వాటిని కొనేవారు అరుదు. శాకాహారులు పాదేక్ అనే పులిసిన చేప రసం లేకుండా చేయమని అడగాలి, అడక్కపోతే పచ్చి బొప్పాయి సలాడ్‌లోనూ అది ఉంటుంది.

ఏజెంట్ ప్యాకేజీల్లో వ్యాను, హోటల్ వరకు డబ్బుకు తగ్గ సౌకర్యమే. ఫారం నింపినందుకు అడిగే మొత్తం మాత్రం దండగ, ఫారంలో కష్టమేమీ లేదు. కాగితాలు లేకున్నా వీసా ఇప్పిస్తామనేవారి దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండొద్దు. వీసా మినహాయింపు స్టాంపు మీద పాఠాలు చెప్పించే స్కూలు కూడా అలాంటిదే. వర్క్ పర్మిట్ లేకుండా పనిచేస్తే 5,000 నుంచి 50,000 బాత్ జరిమానా, ఆపై దేశం నుంచి పంపేస్తారు. ప్రతి టర్ముకూ మిమ్మల్ని సరిహద్దు దాటిస్తున్న స్కూలు మీ కాగితాలు నడపడం లేదని అర్థం.

వీసా పీడీఎఫ్ రాగానే పేరు, పాస్‌పోర్టు నంబరు సరిచూసి రెండు ప్రింట్లు తీయండి. తిరిగొచ్చే ముందు మూడు రోజుల్లోపు థాయ్ ఇమిగ్రేషన్ వారి ఆన్‌లైన్ ఫారం అయిన డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. ఇది 2025 మే 1 నుంచి తప్పనిసరి, పూర్తిగా ఉచితం, డబ్బు అడిగే సైట్లు నకిలీవి. కౌంటర్‌లో పాస్‌పోర్టుతో పాటు వీసా ప్రింటు ఇచ్చి, నాన్-బి అని నోటితో చెప్పండి. అలవాటు కొద్దీ మినహాయింపు స్టాంపు వేసేస్తే వీసా వాడుకోనట్టే. కౌంటర్ వదలకముందే స్టాంపులో నాన్-బి అని, 90 రోజుల తేదీ ఉన్నాయో లేదో చూసుకోండి. తప్పు అక్కడికక్కడే సరిచేస్తారు, ఊరు చేరాక పెద్ద తంటా.

ఆ 90 రోజుల్లో వర్క్ పర్మిట్, ఆ తర్వాత ఏడాది పొడిగింపు పూర్తవ్వాలి. సంక్రాంతికో వేసవికో ఇంటికెళ్లేముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోండి: ఒకసారికి 1,000 బాత్, ఎన్నిసార్లైనా వెళ్లి రావడానికి 3,800.